ఆముదపు చెట్ల జాగా

వీలా మమోనా గుట్ట మీద ఎవరూ ఎవరి మొహానా 'కాదు' అనరు. పిల్లనడగడానికి వచ్చినవాడికైనా, ఓటడగడానికి వచ్చినవాడికైనా ముందు కాఫీ పోస్తారు. వేడివేడి చీజు ఉండలు పెడతారు. వాన గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ కాసేపు మాట్లాడి రెండో కప్పు పోస్తారు. గుమ్మం దిగేటప్పుడు "చూద్దాంలెండి" అంటారు. అక్కడ పుట్టి పెరిగినవాడికి ఆ రెండో కప్పు దగ్గరే జవాబు తెలిసిపోతుంది. అయినా మర్యాద కోసం పూర్తిగా తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోతాడు. దక్షిణాది రాష్ట్రం నుంచి కొత్తగా వచ్చిన ఇంజనీరు తర్సీజియోకి మాత్రం ఎన్ని కప్పులు తాగినా సంగతి అంతుపట్టలేదు. పాపం, ఆయన్నని లాభం లేదు. ఆయన ఊళ్లో సరేనంటే సరే, కాదంటే కాదు.

ఆ సోమవారం సాయంత్రం ప్రార్థనాలయం పక్క గదిలో ఆయన బల్ల మీద పటం పరిచాడు. ఒక మూల ఎగిరిపోకుండా, గుట్ట మొదట్లో ఉండే ముసలావిడ దోనా జందీరా తెచ్చిన కాఫీ కెటిల్ పెట్టాడు. ఆ కెటిల్ లేకుండా గుట్ట మీద ఏ సమావేశమూ జరగదు. గుడ్డ సంచిలో వడకట్టి, ముందే పంచదార కలిపి, మోతకు చేయి నొప్పి పుడుతున్నా ఆవిడే మోసుకొస్తుంది. తెచ్చి ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చుంటుంది.

వల్దేచి వెనక గోడకు ఆనుకుని నిలబడింది. గుర్రపు బళ్ల మీద ఇళ్ల శిథిలాలు తోలేవాళ్లలో ఆడమనిషి ఆమె ఒక్కతే. ఇటుక పొడి ఆమె గోళ్లలోంచి ఏ సబ్బుకీ పోదు. నిరుటి వానలకు గుట్ట కింది వాగు పూడిపోయి, నీళ్లు కింది ఇళ్లలో మంచాల ఎత్తున నిలిచాయి. పూడ్చింది బళ్లవాళ్లేనని పురపాలక సంఘం తేల్చేసింది. అందులో సగం పాపం లారీలది. చీకటి మాటున వచ్చి ఒక లారీ కుమ్మరించి పోయేది బళ్లన్నీ కలిసి వారం తోలినా సరిపోదు. కానీ లారీ వెనక పెద్దమనుషులుంటారు. గుర్రం వెనక తోక తప్ప ఏముంటుంది? వచ్చే నెల నుంచి వాగులో పోస్తూ దొరికిన బండిని గుర్రంతో సహా పట్టుకుపోతారట. బదులుగా గుట్ట మీద ఒక జాగా ఇస్తారు. అక్కడ ఇటుకా పెంకూ ఒక వైపు, మట్టి ఒక వైపు, చెక్కా ఇనుమూ వేరేగా ఏరి పెట్టాలి. వాటిని సంఘం లారీ తీసుకెళ్లి, పెద్ద రోడ్డు పక్కన నలగ్గొట్టే యంత్రంలో వేసి, రోడ్లకు కంకర చేస్తుంది.

మంచి పనే. తర్సీజియో కూడా మంచివాడే. టోపీ పెట్టుకుని గుట్టంతా కాలినడకన తిరిగాడు, కర్రకు ఎర్ర రిబ్బను కట్టి గాలి ఎటు వీస్తుందో చూశాడు. చివరికి గుట్ట నెత్తిన, నీళ్ల ట్యాంకు పక్క చదును నేలను ఎంచాడు. చుట్టుపక్కల ఇల్లు లేదు, స్థలం సంఘానిదే. పటంలో చూస్తే అంతకన్నా మంచి చోటు లేదు.

"గుర్రాలు బరువుతో అంత ఎత్తు ఎక్కుతాయా?" అని అడిగాడాయన. అడగాల్సిన మాటే అడిగాడు.

గదిలో అందరూ కాఫీ కప్పుల్లోకి చూసుకున్నారు. ఎక్కకేం చేస్తాయిలెండి అని ఒకరన్నారు. దేవుడి దయుంటే ఎక్కుతాయని ఇంకొకరు. ముసలి జెనేజియో తన గుర్రానికి 'డిప్యూటీ' అని ఎమ్మెల్యే బిరుదు తగిలించాడు. తిండికి ముందుండి పనికి వెనకుంటుందని ఆ పేరు. అతను కూడా నవ్వి, "మావాడు మాటైతే ఇస్తాడు సార్" అన్నాడు. తర్సీజియో సంతోషించాడు. అయినా సిమెంటు పోసే ముందు వారం పాటు అక్కడ ఇనుప తొట్టె పెట్టించి పరీక్షగా చూద్దామనీ, శనివారం మళ్లీ కలుద్దామనీ అన్నాడు. వల్దేచి ఆ మాటకు ఆయన్ని మనసులో మెచ్చుకుంది.

అసలు తగిన చోటు ఎక్కడుందో గదిలో అందరికీ తెలుసు. గుట్ట మొదట్లో, దోనా జందీరా ఇంటికి ఎదురుగా, ఆముదపు చెట్లు అడవిలా పెరిగిన ఖాళీ జాగా. గుట్ట మీద ఏ ఇల్లు పడగొట్టినా బండి బరువుతో కిందికి దిగాలి, ఖాళీగా పైకి ఎక్కాలి. బళ్లవాళ్లు ఇన్నాళ్లూ వాగులో పోసింది కొవ్వెక్కి కాదు, వాగు కింద ఉంది గనక. ఇంజనీరు కూడా మొదట ఆ జాగాకే గుర్తు పెట్టుకున్నాడు. కానీ దోనా జందీరా ఇల్లిల్లూ తిరిగి గుట్టంతటినీ దానికి ఎదురు నిలబెట్టింది, ఆయన దాన్ని కొట్టేశాడు. ఆవిణ్ని తప్పు పట్టే నోరు అక్కడ లేదు. ఆవిడ మొగుడు అలీరియో బంగారు గనిలో రాతి దుమ్ము పీల్చి పీల్చి, ఊపిరితిత్తులు రాయిలా గట్టిపడి చనిపోయాడు. ఆ మనిషి చివరి రోజుల దగ్గు గుట్టంతా విన్నదే.

అందుకే ఆ సాయంత్రం జందీరా వైపు ఎవరూ చూడలేదు. అందరూ పైకే ఎక్కుతామన్నారు.

మంగళ, బుధవారాలు ఎలాగో గడిచాయి. వల్దేచి బండిలో బరువు సగానికి తగ్గించి తోలింది. గురువారం గుట్ట కింద ఒక స్నానాల గది పగలగొట్టిన సరుకు దొరికింది. పలకలు, ఇటుకలు, విరిగిన పింగాణీ తొట్టి. రెండుసార్లుగా తోలితే మధ్యాహ్నం దాటిపోతుంది. ఒకేసారి వేసేసుకుంది.

బండి నింపడంలో ఆమె పనితనం చూడాలి. ఇటుకల్ని ఇరుసు మీదికి వచ్చేట్టు అడుగున పేర్చింది. బరువు వెనక్కి పడితే కొయ్యలు పైకి లేచి గుర్రం పొట్ట కింది పట్టీ కోసుకుపోతుంది. ముందుకు పడితే వీపు మీద కూర్చుంటుంది. రెండూ కాకుండా కాస్తంతే ముందుకు మొగ్గాలి. పలకల్ని నిలువుగా దూర్చి, తొట్టిని బోర్లించి, సందుల్లో మట్టి పోసి తొక్కింది. కొయ్య పట్టుకుని ఒకసారి ఊపి చూసింది. కనేలా చెవులు వెనక్కి తిప్పి ఓపిగ్గా నిలబడింది. కనేలా అంటే దాల్చినచెక్క. గుర్రం రంగు అదే, అందుకే ఆ పేరు.

గుట్ట నెత్తికి వెళ్లే రాళ్ల రోడ్డు దోనా జందీరా ఇల్లు దాటాక నిటారుగా లేస్తుంది. వల్దేచి బండి దిగి, గుర్రం పక్కన నడుస్తూ, రోడ్డుకి ఈ అంచు నుంచి ఆ అంచుకి పాములా మెలికలు తిప్పుతూ తోలింది. మొదటి మలుపు దగ్గర చక్రం కింద రాయి పెట్టి ఆగారు. కనేలా డొక్కలు ఎగసిపడుతున్నాయి. "ఇంకొంచెం బంగారం, ఇంకొంచెం" అని మెడ నిమిరింది వల్దేచి. రాయి తీసిన రెండో అడుగులో గుర్రం ముందు కాళ్లు జారాయి. మోకాళ్ల మీద పడింది. బండి వెనక్కి లాగింది, కనేలా ఆ రాళ్ల మీద మోకాళ్లతోనే కొంత దూరం ఈడ్చుకుపోయింది. పింగాణీ తొట్టి దొర్లిపోయి గట్టుకి తగిలి పగిలింది.

వెనక వస్తున్న జెనేజియో పరిగెత్తుకొచ్చి చక్రానికి భుజం ఆనించాడు. ఇద్దరూ కలిసి పట్టీలు విప్పారు. గుర్రం లేచి నిలబడింది గానీ వణుకుతోంది. రెండు మోకాళ్లూ దోక్కుపోయి ఎర్రగా ఉన్నాయి. వల్దేచి గుర్రం మెడ చుట్టూ చేతులు వేసి అలాగే నిలబడిపోయింది.

కింద తలుపు తెరుచుకుంది. దోనా జందీరా బక్కెట్టుతో ఎక్కి వస్తోంది. డెబ్బై దాటిన మనిషి, ఎక్కడా ఆగలేదు. వచ్చి రాళ్ల మీద గొంతుక్కూర్చుని, చేతిలోని తడిగుడ్డతో కనేలా మోకాళ్లు తుడిచింది. ఆ గుడ్డ వల్దేచికి తెలుసు. రోజూ పొద్దున్నే కిటికీ అంచుల మీద దుమ్ము తుడిచే గుడ్డ అది. ముసలావిడ గాయంలో ఇరుక్కున్న ఇసుక రేణువుల్ని గోటితో ఒక్కొక్కటే తీసింది, మళ్లీ కడిగింది, గుడ్డ పిండింది. ఎర్రనీళ్లు రాళ్ల సందుల్లోంచి కిందికి పారాయి.

తను దీవెన అడగలేదని వల్దేచికి అప్పటికి గుర్తొచ్చింది. జ్ఞానస్నానం నాడు తనను ఎత్తుకున్న జ్ఞానతల్లి ఆవిడ. ఎదురైతే దీవెన అడగకుండా ఉండకూడదు.

"దీవెనమ్మా" అంది.

"దేవుడు చల్లగా చూస్తాడే" అంది జందీరా, తల ఎత్తకుండానే. ఇంకేమీ అనకుండా బక్కెట్టు పుచ్చుకుని దిగిపోయింది.

మర్నాడు కనేలా కొట్టంలోనే ఉంది. మిగతావాళ్ల సంగతీ అంతంతమాత్రమే. డిప్యూటీ మొదటి మలుపు దగ్గర నిలబడిపోయి, కొట్టినా తిట్టినా కదల్లేదట. మావాడు రాజీనామా ఇచ్చేశాడని జెనేజియో అందరికీ చెప్పుకుంటున్నాడు గానీ అతని నవ్వులో పస లేదు. ఇద్దరు ముగ్గురు చడీచప్పుడు లేకుండా మళ్లీ వాగు దారి పట్టారు. నెల తిరిగితే ఆ దారిన వెళ్లిన గుర్రం ఇంటికి రాదు.

బళ్లవాళ్లంతా వల్దేచి దగ్గర చేరారు. ఇంజనీరుకు చెప్పాలంటే ముందు ఆముదాల జాగా మాటెత్తాలి, ఆ మాటెత్తాలంటే ముందు ముసలావిణ్ని అడగాలి. ఆవిడ చేతుల్లో పెరిగినదానివి, నువ్వే అడగాలన్నారు. సాయంత్రం వల్దేచి తల దువ్వుకుని, చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్లింది.

జందీరా వసారాలో కిటికీ అంచు తుడుస్తోంది. కూర్చోమంది. వసారాలో ఉన్నవి రెండు కుర్చీలు, ఒకదాంట్లో ఎవరూ కూర్చోరు. అది అలీరియోది. వీపు ఆనే చోట ఇంకా తలగడ కట్టే ఉంది. పడుకుంటే ఊపిరాడక ఆ మనిషి అందులోనే కూర్చుని నిద్రపోయేవాడు, కూర్చునే పోయాడు. వల్దేచి గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

కాఫీ వచ్చింది. మొక్కజొన్న కేకు ముక్క వచ్చింది. మోకాళ్లకి ఏం రాశావని జందీరా అడిగింది. ఆముదం రాశానని వల్దేచి చెప్పింది.

"మంచిది. ఎదురుగా కావలసినంత కాస్తోంది కదా" అంది జందీరా. ఇద్దరూ ఎదుటి జాగా వైపు చూశారు. ఆముదపు ఆకులు సాయంకాలపు గాలికి ఊగుతున్నాయి. వాటి మొదళ్లలో ఎవరో ఎప్పుడో పోసిన ఇటుక ముక్కలు కనబడుతున్నాయి. వల్దేచి మాట కోసం గొంతు సవరించుకుంది. సరిగ్గా అప్పుడే జందీరా కెటిల్ వంచి రెండో కప్పు పోసింది.

వల్దేచి ఆ కప్పు వైపు చూసింది, తలగడ కట్టిన కుర్చీ వైపు చూసింది. ఆవిడ మీద కోపం రాలేదు. కోపం వస్తే బాగుండుననిపించింది, అప్పుడు అడగడం తేలికయ్యేది. ఈ కుర్చీ ఎదుట, ఈ ఇంట్లోకి దుమ్ము రానివ్వమని ఎవరు అడగగలరు? కాఫీ చివరి చుక్క దాకా తాగింది.

"నీ గుర్రం మళ్లీ ఆ గుట్ట ఎక్కుతుందా?" అని అడిగింది జందీరా, లేచేటప్పుడు.

"ఎక్కుతుందమ్మా. మోకాళ్లు మానితే ఎందుకెక్కదు?"

ముసలావిడ ఆమె మొహంలోకి చాలాసేపు చూసి, కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

శనివారం సమావేశానికి గది నిండిపోయింది. తర్సీజియో పటం పరిచి, అలవాటు కొద్దీ మూల మీద పెట్టడానికి కెటిల్ కోసం చూశాడు. లేదు. దోనా జందీరా ముందు వరసలో ఉత్త చేతులతో కూర్చుంది. ఆయన జేబులోంచి తాళాల గుత్తి తీసి పటం మీద పెట్టాడు. గదిలో జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చేతిలో కప్పు లేకపోతే కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో ఎవరికీ తోచలేదు.

పైజాగా ఎలా ఉందని ఇంజనీరు అడిగాడు. ఫర్వాలేదన్నారు. అలవాటు పడితే అదే సర్దుకుంటుందన్నారు. ఆయన ఈసారి అంతటితో వదల్లేదు. తొట్టె సగం కూడా నిండలేదనీ, వాగు దగ్గర కొత్త కుప్పలు చూశాననీ అన్నాడు. ఒక గుర్రం పడిందని కూడా ఎవరో చెప్పారట. ఆ గుర్రం ఎవరిదని అడిగాడు.

"నాదే సార్" అంది వల్దేచి. గోడ వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది. "నేనే ఎక్కువ బరువేశాను. గుట్టదేం లేదు. గుర్రాలు ఎక్కుతాయి, ఇంకొంచెం అలవాటు కావాలంతే. అక్కడే కట్టండి."

ఆ మాట అంటుంటే ఆమెకు కనేలా మోకాళ్లే కనబడ్డాయి. అయినా గొంతు తొణకలేదు. వెనక జెనేజియో తల దించుకున్నాడు. అతనికి తెలుసు ఆమె ఏం వదులుకుంటోందో. గుర్రం పోతే వల్దేచి ఇంట్లో పొయ్యి మీద చిక్కుడు గింజల కుండ ఎక్కదు.

ముందు వరసలో కుర్చీ కిర్రుమంది. దోనా జందీరా లేచింది.

"కాదు" అంది.

గుట్ట మీద ఆ మాట అలా, పదిమందిలో, కాఫీ అయినా లేకుండా వినబడటం ఎవరికీ జ్ఞాపకం లేదు. ఒకామె గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది.

"ఈ పిల్ల అబద్ధమాడుతోంది. నా కోసం ఆడుతోంది. మీరందరూ అంతే, సోమవారం నుంచీ నా మొహం చూసి ఆడుతున్నారు. అందుకే ఇవాళ కెటిల్ తేలేదు. అది ఉంటే మన నోట నిజం రాదు." ఊపిరి కోసం ఆగి, ఇంజనీరు వైపు తిరిగింది. "నిన్న ఈ పిల్ల అడగడానికి వస్తే, అడక్క ముందే రెండో కప్పు పోసి నోరు మూయించాను. తాగేసి, దండం పెట్టి వెళ్లిపోయింది. రాత్రంతా నాకు గుర్రం మోకాళ్లే. మా ఆయన గనిలోకి వద్దంటే కూడా ఇలాగే, ఎక్కుతానులే దిగుతానులే అనేవాడు. బరువు మోసేవాళ్లంతా అదే మాటంటారు. విన్నవాళ్లకి బుద్ధుండాలి. గుర్రం బరువుతో కిందికే దిగాలి బాబూ. మా ఇంటి ఎదుటే పెట్టు."

వల్దేచి కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. ఆమె వాటిని తుడుచుకోలేదు కూడా.

"కానీ నా ఇంట్లోకి దుమ్ము రాకూడదు" అంది జందీరా, ఇంకా నిలబడే. సరుకు తడిపి, గోనె కప్పి తేవాలి. పొడిగా తెచ్చినవాణ్ని గుమ్మంలోంచే తిప్పి పంపాలి. నీళ్ల పంపు ఆవిడ చేతిలో ఉండాలి. మధ్యాహ్నానికల్లా మూసెయ్యాలి.

తర్సీజియో ఒక్కొక్కటీ విన్నాడు. పొద్దున గాలి వాగు వైపు నుంచి ఇంటి మీదికి వీస్తుంది గనక పోసే చోటు ఇంటికి దూరంగా ఆ చివరన ఉండాలని, గేటు వీధి వైపు కాక పక్క సందులో పెట్టాలని, ఇంటి వైపున్న ఆముదపు చెట్ల వరసను కొట్టకూడదని తనే చెప్పాడు. అవి ఆవిడకు తోచనివి. నలగ్గొట్టే యంత్రం ఎప్పటికీ ఇక్కడికి రాదన్నాడు. పంపు మాట ఒప్పుకున్నాడు.

"మధ్యాహ్నానికి మూయడం మాత్రం కాదమ్మా. సాయంత్రం దాకా పని ఉంటుంది. కుదరదు."

జందీరా ఆయన్ని ఎగాదిగా చూసింది. మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వు మెరిసింది.

"సాయంత్రం అయిదు దాకా అయితే సరే" అంది. "మీ ఊళ్లో కాఫీ పొయ్యకుండానే చెప్పేస్తారన్నమాట. దానికీ ఓ అందం ఉంది."

ఆదివారం ప్రార్థన అయ్యాక బళ్లవాళ్లంతా కత్తులు పట్టుకుని జాగాలో దిగారు. ఇంటి వైపు వరస వదిలి మిగతా ఆముదాలు నరికేశారు. ఏ చెట్టూ లేని చోట ఆముదమే మహావృక్షమంటారు. ఆ గుట్ట మొదట్లో అంతకు మించిన గోడ ఎవరూ కట్టి ఇవ్వలేరు. సోమవారం పొద్దున సంఘం లారీ గుట్ట నెత్తి నుంచి ఇనుప తొట్టెను తెచ్చి ఆ చివర దించింది.

కనేలా మోకాళ్లు ఇంకా మానలేదు. జెనేజియో డిప్యూటీని అరువిచ్చాడు. మొదటి బండి వల్దేచిదే అయి తీరాలని అందరూ పట్టుబట్టారు. కూలిన వంటింటి గోడ సరుకు నింపుకుని ఆమె దిగింది. టైరు ముక్క తొడిగిన చెక్కను చక్రానికి నొక్కి పట్టుకుంటే బండి మెల్లగా, హాయిగా కిందికి జారింది. డిప్యూటీ కూడా తోక ఊపుకుంటూ, ఈ రూల్ తనే పాస్ చేయించినట్టు నడిచింది. వల్దేచికి ఎక్కడ లేని ఉత్సాహం వచ్చింది. ఆ ఉత్సాహంలో గోనె కప్పడం మరిచిపోయింది. తడపడం సరేసరి.

పక్క సందులో గేటు దగ్గర దోనా జందీరా పంపు రబ్బరు గొట్టం పట్టుకుని నిలబడి ఉంది. తల మీద గుడ్డ కట్టుకుంది.

"దీవెనమ్మా" అంది వల్దేచి, నవ్వుతూ.

"కాదు" అంది జందీరా. "ముందు సరుకు. దీవెన తర్వాత."

వెనక వరసలో బళ్లవాళ్లు గొల్లున నవ్వారు. వల్దేచి నాలిక కరుచుకుని బండి వెనక్కి తిప్పింది. సందు మొదట్లో నిలిపి, సరుకంతా తడిసేలా నీళ్లు పోయించుకుంది, గోనె కప్పి తాళ్లు బిగించింది. మళ్లీ వచ్చింది. ముసలావిడ గోనె అంచు ఎత్తి, వేలితో రాసి, కిటికీ అంచు మీది దుమ్ము చూసినట్టు ఆ వేలిని చూసుకుంది. తడిగా ఉంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

వల్దేచి ఇటుకలూ పెంకులూ తొట్టెలోకి, మట్టి పక్క కుప్పలోకి, చెక్క తలుపు ముక్క ఇంకో పక్కకి వేసింది. తెల్లటి సున్నపు పలకలు కలిస్తే కంకర పాడవుతుందని వాటిని వేరే ఏరింది. ఎక్కడా దుమ్ము లేవలేదు. ఆముదపు ఆకుల మీద నీటి చుక్కలు మెరిశాయి, వాటి వెనక వసారాలో అలీరియో కుర్చీ ఎప్పటిలా ఉంది.

ఖాళీ బండితో బయటికొస్తుంటే జందీరా ఆపింది. తడి చేత్తో ఆమె నుదురు తాకి, దేవుడు చల్లగా చూస్తాడని దీవించింది. గేటు పక్క గట్టు మీద కెటిల్ ఉంది. ఒక కప్పు పోసి ఇచ్చింది. వల్దేచి నిలబడే తాగింది. వేడిగా, తియ్యగా ఉంది. అయిపోయాక అలవాటుగా కప్పు చేతిలోనే పట్టుకుని ఎదురు చూసింది.

జందీరా కెటిల్ మూత పెట్టేసి, తర్వాతి బండి వైపు తిరిగింది.